స్వభావానికి కొలత

ఒకే జబ్బును 256 రకాలుగా నిర్ధారించవచ్చు అంటే, అది నిజంగా ఒకే జబ్బేనా? ఇది పొడుపుకథ కాదు, మానసిక వైద్యశాస్త్రం కొన్ని దశాబ్దాలుగా తలపట్టుకున్న ప్రశ్న. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథాన్ని డాక్టర్లు డీఎస్ఎం అంటారు. అందులో బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే వ్యక్తిత్వ రుగ్మతకు తొమ్మిది లక్షణాలు రాశారు. అయినవాళ్లు వదిలేసి పోతారేమోనన్న విపరీతమైన భయం, నిన్న దేవుడన్న మనిషినే ఇవాళ దుర్మార్గుడనడం, తనను తాను గాయపరచుకోవడం, లోపలంతా శూన్యంగా అనిపించడం, పట్టలేని కోపం, ఇలాంటివి. వీటిలో ఏ అయిదు ఉన్నా ఆ పేరు పెట్టవచ్చు. తొమ్మిదింటిలో అయిదు గానీ అంతకు మించి గానీ ఎన్ని విధాలుగా ఏరుకోవచ్చో లెక్కకట్టండి, సరిగ్గా 256 వస్తుంది. ఆ పేరు పడ్డ ఇద్దరు మనుషుల మధ్య ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇంకో రుగ్మత సంగతి మరీ విచిత్రం. ప్రతి పనీ నూటికి నూరు పాళ్లూ సరిగా ఉండాలన్న పట్టుదలతో, నియమాలతో తననూ ఇతరులనూ వేధించే స్వభావానికి అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు. దానికి ఎనిమిది లక్షణాలు, నాలుగు ఉంటే చాలు. అంటే ఒకరికి మొదటి నాలుగూ, ఇంకొకరికి చివరి నాలుగూ ఉన్నాయనుకోండి. ఇద్దరికీ రోగం పేరు ఒకటే, ఇద్దరిలో కలిసే లక్షణం ఒక్కటీ లేదు!

ఈ చిక్కులోంచి బయటపడటానికి శాస్త్రం ఒక దారి వెతుక్కుంది. ఇది ఏ రకం రుగ్మత అని అడగడానికి బదులు, ఏ గుణం ఎంత మేరకు ఉంది, దాని వల్ల బతుకు ఎంత దెబ్బతింది అని అడగడమే ఆ దారి. దీన్నే డైమెన్షనల్ పద్ధతి అంటున్నారు. ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

ముందు పాత పద్ధతి ఎలా వచ్చిందో చూద్దాం. మనుషుల్ని రకాలుగా విడదీసి పేర్లు పెట్టడం చాలా పాత అలవాటు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ముఖస్తుతి చేసేవాడు, వదరుబోతు, పిసినారి అంటూ ముప్ఫై రకాల మనుషుల్ని వర్ణించాడు. జర్మన్ సైకియాట్రిస్టు కర్ట్ ష్నైడర్ 1923లో రాసిన పుస్తకంలో పది రకాల అసాధారణ వ్యక్తిత్వాలను చూపించాడు. తమ స్వభావం వల్ల తాము బాధపడేవారు, లేదా సమాజాన్ని బాధపెట్టేవారు అని ఆయన ఇచ్చిన నిర్వచనం చాలాకాలం నిలిచింది.

1980లో డీఎస్ఎం మూడో కూర్పు వచ్చింది. రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో తయారైన ఆ కూర్పు లక్ష్యం ఒకటే: ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూస్తే ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. అందుకోసం ప్రతి రుగ్మతకూ లక్షణాల జాబితా, ఇన్ని ఉంటే ఉన్నట్టు అనే లెక్క పెట్టారు. వ్యక్తిత్వ రుగ్మతలకు ఆ పుస్తకంలో ప్రత్యేక స్థానం కల్పించి, పదకొండు రకాలను చేర్చారు. 1994 నాటి నాలుగో కూర్పులో అవి పదయ్యాయి. నిజానికి ఇది పెద్ద మేలే చేసింది. అంతకుముందు ఎవరికి తోచినట్టు వారు చెప్పే పరిస్థితి కొంత తగ్గింది. పరిశోధనలకు, చికిత్సలకు ఒక ఆధారం దొరికింది.

కానీ ఆసుపత్రికి వచ్చే మనుషులు పుస్తకంలోని రకాలకు లోబడలేదు. ఒక రుగ్మత లెక్కకు సరిపోయిన మనిషి చాలాసార్లు ఇంకో రెండు, మూడు రుగ్మతల లెక్కకూ సరిపోయేవాడు. అంటే ఒక్క మనిషికి మూడు వ్యక్తిత్వ రుగ్మతలని రాయాలా? మరోవైపు, స్వభావం వల్ల తీవ్రంగా బాధపడుతున్నా పదింటిలో దేనికీ పూర్తిగా సరిపోని వాళ్లూ ఎక్కువే. వాళ్లందరికీ ‘ప్రత్యేకంగా పేర్కొనని వ్యక్తిత్వ రుగ్మత’ అని రాసేవారు. పట్టికలో ఇమడని వాళ్ల కోసం పెట్టుకున్న ఆ పేరే డాక్టర్లు తరచుగా రాసే పేర్లలో ఒకటైపోయింది. పట్టిక సరిగా లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకొకటి. అయిదు లక్షణాలుంటే రోగి, నాలుగుంటే కాదు. నాలుగు లక్షణాలతో నరకం అనుభవిస్తున్న మనిషికి సహాయం అక్కర్లేదా? ఆ అయిదు అనే సంఖ్యకు ప్రకృతిలో ఏ గీతా లేదు. అది కమిటీలో కూర్చున్నవాళ్లు గీసుకున్న గీత.

రక్తపోటు సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. బీపీ ప్రతి మనిషికీ ఉంటుంది. ఎంత ఉందన్నదే లెక్క. చాలాకాలం 140 మీద 90 దాటితే ఎక్కువన్నారు. 2017లో అమెరికా గుండె వైద్యులు ఆ హద్దును 130 మీద 80కి దించారు. హద్దు మారిన మర్నాడు ఎవరి రక్తనాళాలూ మారిపోలేదు. డాక్టరు బీపీ అంకెను చూస్తాడు, దాంతోపాటు గుండె, కిడ్నీలు, కళ్లు ఎలా ఉన్నాయో చూస్తాడు, ఆ తర్వాతే మందు గురించి ఆలోచిస్తాడు. స్వభావాన్నీ ఇలాగే చూడాలన్నది కొత్త పద్ధతి వాదన. అనుమానం, ఆందోళన, మొండితనం, తొందరపాటు, ఒంటరిగా ఉండాలనిపించడం అందరిలోనూ ఉన్నవే. కొందరిలో అవి పాలు మించుతాయి. మించినప్పుడు ఏం దెబ్బతిన్నదో చూడాలి.

ఈ ఆలోచన ఆసుపత్రిలో పుట్టలేదు. మామూలు మనుషుల స్వభావాన్ని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తల దగ్గర పుట్టింది. స్వభావాన్ని కొలవాలన్న మాట 1884లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అన్నాడు. మనుషుల మధ్య ముఖ్యమైన తేడాలన్నిటికీ జనం వాడుకలో మాటలు పుట్టే ఉంటాయి కదా, అవి నిఘంటువులో దొరుకుతాయి అన్నది ఆయన ఊహ. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ ఊహను పట్టుకుని నిఘంటువు మొత్తం గాలించి, మనిషిని వర్ణించే మాటలు దాదాపు 18,000 ఏరారు. తర్వాతి వాళ్లు వాటిని వడపోశారు. ఏ మాటలు ఒకే మనిషి విషయంలో కలిసి వస్తాయో గణిత పద్ధతులతో చూస్తూ పోతే, 1960ల నాటికి అయిదు పెద్ద గుణాలు మళ్లీ మళ్లీ తేలాయి. వీటినే బిగ్ ఫైవ్ అంటారు. భావోద్వేగాల్లో నిలకడలేమి, నలుగురిలో కలిసే గుణం, కొత్తదనం పట్ల ఆసక్తి, సర్దుకుపోయే గుణం, బాధ్యతగా పని చేసే గుణం. పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే వీటిని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. 1992 నాటి దాని కూర్పులో 240 వాక్యాలున్నాయి.

రోగుల్లో కనిపించే విపరీత స్వభావాలను ఈ అయిదు గుణాలతో పోల్చి చూసినప్పుడు ఒక సంగతి బయటపడింది. రోగి స్వభావానికీ, ఆరోగ్యవంతుడి స్వభావానికీ మధ్య గోడ లేదు. అవే గుణాలు, ఒక కొసకు జరిగి ఉన్నాయి, అంతే. థామస్ విడిగర్, లీ ఆనా క్లార్క్, జాన్ లివ్స్‌లీ వంటి వాళ్లు ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతూ వచ్చారు.

సరే, ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు పుస్తకం మార్చేస్తే సరిపోయేది కదా? అక్కడే పేచీ వచ్చింది. డీఎస్ఎం అయిదో కూర్పు కోసం ఆండ్రూ స్కోడాల్ అధ్యక్షతన పనిచేసిన బృందం కొత్త పద్ధతిని ప్రతిపాదించింది. అది మరీ చిక్కుగా ఉందని, రద్దీగా ఉండే క్లినిక్‌లో వాడలేమని కొందరన్నారు. విచిత్రమేమిటంటే, కొలిచే పద్ధతికి గట్టి మద్దతుదారు అయిన లివ్స్‌లీ కూడా ఆ ప్రతిపాదన రూపం నచ్చక 2012లో బృందం నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో అసోసియేషన్ పాలకమండలి పాత పద్ధతినే ఉంచాలని నిర్ణయించింది. అలా 2013 మేలో వచ్చిన పుస్తకంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. రెండో భాగంలో పాత పది రకాలు అలాగే ఉన్నాయి. మూడో భాగంలో ప్రత్యామ్నాయ నమూనా పేరిట కొత్త పద్ధతి ఉంది.

ఆ కొత్త నమూనా డాక్టరు చేత రెండు ప్రశ్నలు అడిగిస్తుంది. మొదటిది, ఈ మనిషి వ్యక్తిత్వం ఎంత బాగా పనిచేస్తోంది? తానెవరో తనకు తెలుసా, తన బతుకుకు ఒక దిశ ఉందా, ఎదుటివారి మనసు గ్రహించగలడా, దగ్గరి సంబంధాలు నిలుపుకోగలడా. ఈ నాలుగింటినీ చూసి సున్నా నుంచి నాలుగు వరకు ఒక స్థాయి ఇస్తారు. సున్నా అంటే ఇబ్బందేమీ లేదు. నాలుగంటే విపరీతమైన దెబ్బ. రెండో ప్రశ్న, ఆ దెబ్బ ఏ గుణాల రూపంలో కనిపిస్తోంది? దీనికి అయిదు పెద్ద విభాగాలు, వాటి కింద 25 చిన్న గుణాలు. వాటిని కొలవడానికి రాబర్ట్ క్రూగర్ బృందం 2012లో పీఐడీ-5 అనే ప్రశ్నావళిని ప్రకటించింది. 220 వాక్యాలు. ఒక్కో వాక్యం తనకు ఎంతవరకు వర్తిస్తుందో మనిషే సున్నా నుంచి మూడు వరకు గుర్తు పెట్టాలి. తీరిక లేనివాళ్ల కోసం 25 వాక్యాల చిన్న రూపం కూడా ఉంది.

అమెరికా తటపటాయిస్తున్న సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందడుగు వేసింది. రోగాల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండో కూర్పు, ఐసీడీ-11ను 2019 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. బ్రిటిష్ సైకియాట్రిస్టు పీటర్ టైరర్ నడిపిన బృందం పాత రకాలను దాదాపుగా తుడిచిపెట్టింది. ఇప్పుడు డాక్టరు మొదట చెప్పాల్సింది తీవ్రత: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. రుగ్మత అనదగ్గంత కాకపోయినా స్వభావం వల్ల అప్పుడప్పుడు చిక్కులు పడే వాళ్లకు ‘వ్యక్తిత్వ ఇబ్బంది’ అని ఇంకో మెట్టు పెట్టారు. దాన్ని జబ్బుగా లెక్కించరు. పాత పద్ధతిలో ఎక్కడా చోటు దొరకని నాలుగు లక్షణాల మనిషికి ఇక్కడ చోటు దొరికింది.

తీవ్రత చెప్పాక, కావాలనుకుంటే ప్రధాన గుణాలను చేర్చవచ్చు. అవి అయిదు. ఒకటి, ఆందోళన, దిగులు, కోపం వంటి బాధాకరమైన భావాలు తరచుగా, సందర్భానికి మించి రావడం. రెండు, మనుషులకు, భావాలకు దూరంగా ఉండిపోవడం. మూడు, ఇతరుల హక్కులనూ బాధనూ లెక్కచేయకపోవడం. నాలుగు, ముందువెనుకలు చూడకుండా తోచింది చేసేయడం. అయిదు, తప్పొప్పుల గురించి, పద్ధతుల గురించి విడవని పట్టుదల. అయిదోదానికి అనంకాస్టియా అని పేరు. అమెరికా నమూనాలో దీనికి విడిగా విభాగం లేదు, దాని బదులు వింత నమ్మకాలకు, విపరీత అనుభవాలకు ఒక విభాగం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వింత నమ్మకాలను, అనుభవాలను స్కిజోఫ్రీనియా కుటుంబంలో పెట్టింది. రెండు నమూనాల మధ్య ముఖ్యమైన తేడాల్లో ఇదొకటి. మిగతా నాలుగు విభాగాలూ దాదాపు కలుస్తాయి. రెండు బృందాలు ఇంత దగ్గరగా రావడం ఈ పద్ధతికి బలమే.

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుంది? ఒక ఊహాత్మక ఉదాహరణ చెబుతాను. ఇద్దరు ఉద్యోగులున్నారనుకుందాం. ఇద్దరికీ పద్ధతి, శుభ్రత, సమయపాలన ప్రాణం. మొదటాయన ఫైలును నాలుగుసార్లు చూస్తాడు, కాస్త ఆలస్యంగా ఇంటికి వెళతాడు, భార్య విసుక్కుంటుంది, నవ్వి ఊరుకుంటాడు. రెండో ఆయన ఫైలు ఎప్పటికీ పూర్తి కాదు. కింది ఉద్యోగి చేసిన పని నమ్మడు, తానే మళ్లీ చేస్తాడు. మూడు ఉద్యోగాలు పోయాయి. పిల్లల పుస్తకాలు వరసగా లేకపోతే రాత్రంతా గొడవ. పిల్లలు ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మాట్లాడటం మానేశారు. ఇద్దరి గుణం ఒకటే. కానీ మొదటాయనకు రుగ్మత లేదు. రెండో ఆయనకు మధ్యస్థ స్థాయి రుగ్మత, అనంకాస్టియా ప్రధానంగా ఉందని డాక్టరు రాయవచ్చు. గుణం ఉండటం జబ్బు కాదు, గుణం వల్ల తనతో తనకూ, ఇతరులతోనూ బతుకు కుంటుపడటం జబ్బు. కొత్త పద్ధతి తీవ్రతకు మొదటి చోటు ఇచ్చింది అందుకే.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, కొలత అంటే ప్రశ్నావళి ఒక్కటే కాదు. తన స్వభావం తనకు వింతగా అనిపించని మనిషి నిజాయితీగానే సున్నాలు పెట్టుకుంటూ పోవచ్చు. ఇతరుల బాధ గ్రహించలేని వాడిని, నీకు ఇతరుల బాధ తెలుస్తుందా అని అడిగితే ఏం లాభం? అందుకే తీరిగ్గా కూర్చుని మాట్లాడటం, ఇంట్లోవాళ్లను, దగ్గరి స్నేహితులను అడగడం అవసరం. రెండోది, తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాడు రాసే జవాబులు డిప్రెషన్ రాసినవే కావచ్చు. ఐసీడీ-11 ప్రకారం ఈ ఇబ్బంది కనీసం రెండేళ్లుగా ఉండాలి. అంతకు తక్కువ కాలంలో స్వభావం మీద తీర్పు చెప్పకూడదు.

మూడోది మనకు మరీ ముఖ్యం. ఈ ప్రశ్నావళులు ఎక్కువగా ఇంగ్లీషులో, పాశ్చాత్య సమాజాల్లో తయారయ్యాయి. ఉమ్మడి నిర్ణయాలకు అలవాటు పడ్డ మన ఇళ్లలో, పెద్దవాళ్లను అడగకుండా ఏ పనీ చేయను అన్న మాట వినయానికి గుర్తు. అదే వాక్యం వేరే చోట పరాధీనతకు గుర్తుగా లెక్కకు వస్తుంది. అత్తగారింట్లో కొత్త కోడలు తక్కువ మాట్లాడటం, మనుషులకు దూరంగా ఉండే గుణం కాదు. ప్రశ్నలను తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. తెలుగువాళ్లలో మామూలుగా ఎన్ని మార్కులు వస్తాయో తెలిసినప్పుడే మించిపోవడమేమిటో తెలుస్తుంది. సమాజం, సంస్కృతి వల్ల వచ్చిన ప్రవర్తనను రుగ్మత అనకూడదని ఐసీడీ-11 కూడా స్పష్టంగా చెబుతోంది. మన విశ్వవిద్యాలయాల మనస్తత్వ శాస్త్ర విభాగాలకు ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది.

కొత్త పద్ధతి మీద అభ్యంతరాలు లేవనుకోకండి. రోగికి అర్థమయ్యే పేరు పోతే చికిత్స ఎలా అని కొందరు డాక్టర్లు అడిగారు. వాళ్ల ఆందోళనలో న్యాయముంది. బోర్డర్‌లైన్ రుగ్మత కోసం మార్షా లినెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ లాంటి చికిత్సలన్నీ ఆ పేరు మీద జరిగిన పరిశోధనల్లో నిగ్గుతేలినవే. ఆ ఒత్తిడి వల్లే ఐసీడీ-11 చివరికి బోర్డర్‌లైన్ ధోరణి అనే ఒక గుర్తింపును అదనంగా ఉంచింది. కొలిచే పద్ధతిలో పాత పేరు ఒకటి ఇలా మిగలడం రాజీ. నా దృష్టిలో అది సరైన రాజీ. పని చేస్తున్న చికిత్సను వర్గీకరణ అందం కోసం వదులుకోకూడదు.

మరి ఈ మార్పు రోగికి ఏమిస్తుంది? వ్యక్తిత్వ రుగ్మత అన్న పేరు చాలామందిని జీవితాంతం వెంటాడింది. వీళ్లు మారరు, వీళ్లతో పడలేం అని ఆసుపత్రుల్లోనే అనుకునేవారు. ఆ నమ్మకం ఎంత తప్పో పరిశోధనలు చూపించాయి. అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో మేరీ జనారిని బృందం 1992 నుంచి 290 మంది బోర్డర్‌లైన్ రోగులను వరసగా గమనించింది. పదేళ్లలో నూటికి 93 మందిలో లక్షణాలు రోగమనదగ్గ స్థాయి కంటే తగ్గి, కనీసం రెండేళ్లపాటు అలాగే ఉన్నాయి. ఉద్యోగం, స్నేహాలతో పూర్తిగా కోలుకుని మామూలు జీవితంలోకి వచ్చినవాళ్లు సగం మంది. లక్షణాలు తగ్గినంత తేలిగ్గా జీవితం చక్కబడలేదన్న మాట. రుగ్మత ఉందా లేదా అని మాత్రమే అడిగే పద్ధతికి ఈ తేడా కనిపించదు. ఎంత తగ్గింది, ఎక్కడ మిగిలింది అని అడిగే పద్ధతికి కనిపిస్తుంది. నిరుడు తీవ్రం, ఈ ఏడు స్వల్పం అని చెప్పగలిగినప్పుడు రోగికి ధైర్యం, డాక్టరుకు దారి, కుటుంబానికి ఓపిక వస్తాయి.

చివరగా శ్రోతలకు ఒక మనవి. ఫోన్లో దొరికే పది ప్రశ్నల పరీక్షతో మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ పేర్లు పెట్టకండి. కోపంలో అత్తనో, భర్తనో, పై అధికారినో నార్సిసిస్టు అనడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. అది రోగనిర్ధారణ కాదు, చదువుకున్న తిట్టు. నిజంగా ఇబ్బంది ఉంటే సైకియాట్రిస్టునో, క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తమను తాము గాయపరచుకునే ఆలోచనలు ఉన్నవాళ్లు ఆలస్యం చేయకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఈ జబ్బు పేరేమిటి అన్న ప్రశ్నతో ఆగకండి. తీవ్రత ఎంత, ఏ గుణం ఎక్కువ ఇబ్బంది పెడుతోంది, మళ్లీ ఎప్పుడు చూసి తగ్గిందో లేదో చెబుతారు, ఈ మూడూ అడగండి. అలా అడిగే హక్కు మీకుంది, జవాబు చెప్పే సాధనాలు ఇప్పుడు డాక్టరు చేతిలో ఉన్నాయి.